డబ్బు కట్టే పేజీని పరీక్షించాకే ఆన్‌లైన్ దుకాణం తెరవండి

సంపాదకులకు నమస్కారం.

మీ జిల్లా పేజీల్లో ఆన్‌లైన్ దుకాణాల ప్రారంభోత్సవ వార్తలు ఈ మధ్య తరచుగా చూస్తున్నాను. ఒకచోట మహిళా సంఘం పచ్చళ్లు, ఇంకోచోట చేనేత సంఘం చీరలు, మరోచోట రైతులు కలిసి పెట్టుకున్న కారం, పసుపు. ఫొటోలో ఎవరో ఒక అధికారి ల్యాప్‌టాప్ మీద మీట నొక్కుతుంటారు, చుట్టూ ఉన్నవాళ్లు చప్పట్లు కొడుతుంటారు. మనవాళ్ల సరుకు దళారుల చేతిలో పడకుండా నేరుగా కొనేవాళ్ల ఇంటికి వెళ్తుందంటే నాకూ సంతోషమే. అయితే ఆ వార్త రాసే విలేకరి అక్కడున్నవాళ్లను ఒక్క మాట అడిగితే బాగుంటుంది. "డబ్బు కట్టే పేజీని ఎవరు పరీక్షించారు? కట్టడం మధ్యలో ఆగిపోతే ఏమవుతుందో చూశారా?" అని. ఆ ప్రశ్న ఎందుకు ముఖ్యమో చెప్పడానికే ఈ ఉత్తరం.

మాది వరంగల్ కొత్తవాడ. దర్రీలు, అంటే నేల మీద పరిచే నేత పరుపులు, నేసే ఇల్లు. నాన్న ఇప్పటికీ మగ్గం మీద కూర్చుంటారు. నేను బీకాం చదివి, మా వీధిలో కలిసి సరుకు అమ్ముకునే కొన్ని కుటుంబాల లెక్కలు చూస్తున్నాను. 2018లో వరంగల్ దర్రీలకు జీఐ గుర్తింపు (ఫలానా ప్రాంతానికి చెందిన సరుకు అని ఇచ్చే ప్రభుత్వ గుర్తింపు) వచ్చాక బయటి ఊళ్ల నుంచి అడిగేవాళ్లు పెరిగారు. ఇన్నాళ్లూ వాట్సాప్‌లో ఫొటో పంపడం, ఫోన్‌పేలోనో గూగుల్ పేలోనో డబ్బు వేయించుకోవడం, కొరియర్‌లో పంపడం, ఇదే మా వ్యాపారం. ఇప్పుడు సొంతంగా ఆన్‌లైన్ దుకాణం పెట్టుకుంటున్నాం. సైటు తయారుచేస్తున్నది హనుమకొండ కుర్రాడే. నెమ్మదస్తుడు, పనిమంతుడు. తెరిచేలోపు డబ్బు లెక్కంతా సరిగ్గా నడుస్తోందో లేదో చూసే పని నా మీద పెట్టారు.

ఆ పని నేను గట్టిగా పట్టుకోవడానికి కారణం జమ్మికుంటలో ఉండే మా మేనత్త. పోయిన ఏడాది ఆమె మనవరాలికి ఒక చిన్న ఆన్‌లైన్ దుకాణంలో లంగా ఓణీ కొన్నది. మాలాంటివాళ్లు పెట్టుకున్న దుకాణమే, పేరు అనవసరం. ఫోన్‌లో పిన్ కొట్టింది. ఖాతాలోంచి రూ.1,850 కట్ అయినట్టు మెసేజ్ వచ్చింది. తిరిగి దుకాణం పేజీలోకి వస్తే అది కాసేపు గిర్రున తిరిగి 'పేమెంట్ ఫెయిల్డ్' అని చూపించింది. దాని కిందనే 'మళ్లీ ప్రయత్నించండి' అని బటన్. ఆమె మళ్లీ కట్టింది. ఈసారి ఆర్డర్ పడింది, రూ.1,850 మళ్లీ పోయింది. దుకాణానికి ఫోన్ చేస్తే, మాకు ఒక్కటే వచ్చింది, బ్యాంకును అడగండి అన్నారు. బ్యాంకుకు వెళ్తే, మా వైపు నుంచి డబ్బు వెళ్లిపోయింది, దుకాణాన్నే అడగండి అన్నారు. "పైసలు పోయినయ్ బిడ్డా, వాళ్ల మీద వీళ్లు, వీళ్ల మీద వాళ్లు చెప్తున్నరు" అని నాకు ఫోన్ చేసింది. చివరికి దుకాణంవాళ్లు తమ గేట్‌వే (కొనేవాళ్ల బ్యాంకు నుంచి డబ్బు తీసుకుని దుకాణానికి చేర్చే కంపెనీ) ఖాతా తెరిచి వెతికితే మొదటిసారి కట్టిన డబ్బు కూడా అక్కడే ఉంది. తిరిగి ఇచ్చేశారు. అందులో మోసం లేదు, ఎవరికీ చెడ్డ ఉద్దేశం లేదు. కానీ అత్త ఆ తర్వాత ఆన్‌లైన్‌లో ఏమీ కొనలేదు. ఆ వీధిలో ఇంకెవరైనా కొనబోయినా వద్దంటోంది.

ఇలా ఎందుకు జరుగుతుందో మా కుర్రాడిని కూర్చోబెట్టి అడిగి తెలుసుకున్నాను. డబ్బు కట్టగానే ఆ సంగతి దుకాణానికి రెండు దారుల్లో తెలుస్తుంది. ఒకటి కొనేవాళ్ల ఫోన్ ద్వారా. యూపీఐ యాప్‌లో పని అయ్యాక ఫోన్ తిరిగి దుకాణం పేజీకి వస్తుంది, 'అయిపోయింది' అని ఆ పేజీ చెబుతుంది. రెండోది గేట్‌వే కంపెనీ సర్వర్ నుంచి నేరుగా మన దుకాణం సర్వర్‌కు వచ్చే కబురు. దీన్ని వెబ్‌హుక్ అంటారు. కొనేవాళ్ల ఫోన్ ఆగిపోయినా, చార్జింగ్ అయిపోయినా ఈ రెండో కబురు వస్తుంది. చాలా చిన్న దుకాణాల సైట్లు మొదటి దారినే నమ్ముకుని ఉంటాయి, ఎందుకంటే తయారుచేసేటప్పుడు అదే కళ్లముందు కనిపిస్తుంది. ఆఫీసులో మంచి ల్యాప్‌టాప్ ముందు, మంచి వైఫై కింద కూర్చుని చూస్తే మొదటి దారి ఎప్పుడూ తప్పదు. మా అత్త చేతిలో ఉన్నది నాలుగైదేళ్ల కిందటి ఫోన్. దుకాణం పేజీలోంచి యూపీఐ యాప్‌లోకి వెళ్లి తిరిగొచ్చేలోపు ఆ ఫోన్ వెనక ఉన్న బ్రౌజర్‌ను మూసేస్తుంది. తిరిగి వస్తే పేజీ మొదటి నుంచి లోడ్ అవుతుంది, బుట్ట ఖాళీగా ఉంటుంది. డబ్బు మాత్రం వెళ్లిపోయింది.

కాబట్టి మేం మొట్టమొదట చేసిన పరీక్ష ఇదే. అమ్మ వాడే పాత ఫోన్ తీసుకుని, దర్రీ ఎంచుకుని, యూపీఐ పిన్ కొట్టి, డబ్బు వెళ్లినట్టు కనిపించిన వెంటనే దుకాణం పేజీకి రాకుండా బ్రౌజర్‌ను పూర్తిగా మూసేశాం. ఆర్డర్ పడాలి. పడలేదు. మా కుర్రాడు అప్పటిదాకా అంతా సిద్ధమనే అనుకున్నాడు. అతను అబద్ధం చెప్పలేదు, అతను చూసిన మేరకు సిద్ధమే. వెబ్‌హుక్‌ను సరిగ్గా కలిపాక మళ్లీ అదే పరీక్ష పెడితే, ఫోన్ పక్కన పడేసి ఉన్నా కాసేపట్లో ఆర్డర్ వచ్చి చేరింది. ఇంకోసారి పిన్ కొట్టిన మరుక్షణమే డేటా ఆపేసి చూశాం. ఏటూరునాగారం వైపు వెళ్తే దారిలో సిగ్నల్ ఇలాగే వచ్చి పోతుంటుంది, అక్కడినుంచీ కొనేవాళ్లు ఉంటారు కదా.

అదే కబురు ఒక్కోసారి రెండుసార్లు కూడా వస్తుందట. గేట్‌వేకు మన సర్వర్ నుంచి 'అందింది' అన్న జవాబు సమయానికి చేరకపోతే, అది మళ్లీ పంపుతుంది. అలా పంపడం తప్పు కాదు, దాని పద్ధతే అంత. కానీ దుకాణం సైటు రెండో కబురును రెండో ఆర్డర్‌గా తీసుకుంటే ఒక్క డబ్బుకు రెండు దర్రీలు కొరియర్‌కు వెళ్తాయి. ఇది కూడా కావాలని రెండుసార్లు పంపించి చూడాల్సిందే. 'డబ్బు కట్టండి' బటన్‌ను టకటకా రెండుసార్లు నొక్కి చూడటం కూడా ఇలాంటిదే. అందరికీ తోచే పరీక్షే అయినా ఎవరూ చేయరు.

టెస్ట్ మోడ్ గురించి కూడా చెప్పాలి. గేట్‌వేలన్నీ తయారీ సమయంలో ఉత్తుత్తి డబ్బుతో ఆడించుకోవడానికి ఒక ఏర్పాటు ఇస్తాయి. 4111 1111 1111 1111 అనే కార్డు నంబరు వేస్తే చాలు, చాలా గేట్‌వేల టెస్ట్ మోడ్‌లో చెల్లింపు విజయవంతం అని వస్తుంది. అసలు డబ్బు ఏమీ కదలదు. అది మంచి ఏర్పాటే, అదే లేకపోతే ప్రతి చిన్న మార్పుకీ సొంత డబ్బు కట్టి చూసుకోవాలి. ప్రమాదం ఎక్కడంటే, దుకాణం తెరిచే రోజు టెస్ట్ తాళాన్ని (సైటును గేట్‌వేకు కలిపే రహస్య సంకేతాన్ని) తీసేసి అసలు తాళం పెట్టడం మరిచిపోతే కొనేవాళ్లకు డబ్బు పోకుండానే ఆర్డర్ విజయవంతం అని రావచ్చు, మనం సరుకు పంపేస్తాం. ఖాతాలో ఒక్క రూపాయి పడదు. ఇంకో సంగతి, టెస్ట్ మోడ్‌లో బ్యాంకు సర్వర్ ఎప్పుడూ నిదానించదు, ఓటీపీ ఆలస్యం కాదు, సిగ్నల్ పోదు. నిజజీవితంలో తప్పేవన్నీ అక్కడ ఉండవు. అందుకే టెస్ట్ మోడ్‌లో అంతా బాగుందని తేలాక అసలు డబ్బుతో, చిన్న మొత్తంతో, వేర్వేరు బ్యాంకుల ఖాతాల నుంచి, డెబిట్ కార్డుతో, క్రెడిట్ కార్డుతో, యూపీఐతో, నెట్ బ్యాంకింగ్‌తో అన్నింటితో కట్టి చూడాలి. తప్పు పిన్ కొట్టి చూడాలి. ఓటీపీ పేజీ దాకా వెళ్లి వెనక్కి వచ్చేయాలి. ఖాతాలో డబ్బు లేని కార్డుతో కట్టాలి. ప్రతిసారీ మూడుచోట్ల చూడాలి: కొనేవాళ్ల ఫోన్‌లో ఏం కనిపించింది, మన దుకాణం పుస్తకంలో ఏం రాసుకుంది, గేట్‌వే ఖాతాలో ఏముంది. మూడూ ఒకే మాట చెప్పాలి.

మా సరుకుకు ప్రత్యేకమైన చిక్కు ఇంకొకటి ఉంది. దీనిమీదే మేం ఎక్కువ తల పట్టుకున్నాం. పెద్ద కంపెనీల దుకాణంలో ఒకే రకం వస్తువు వందల్లో ఉంటుంది. మా దగ్గర ఒక్కో రంగుల కలయికలో ఒక్కోసారి ఒక్కటే దర్రీ ఉంటుంది. మగ్గం మీద నుంచి దిగింది ఆ ఒక్కటే, మళ్లీ అలాంటిది కావాలంటే దారానికి రంగు వేయడం దగ్గర నుంచి మొదలుపెట్టాలి. అలాంటి దర్రీని ఇద్దరు ఒకేసారి కొనబోతే? నేను కింద గదిలో, తమ్ముడు మేడ మీద కూర్చుని ఒకే దర్రీని, ఎరుపు మీద నలుపు అంచు ఉన్నదాన్ని, ఇద్దరి బుట్టల్లో వేసుకుని ఇద్దరం ఒకేసారి డబ్బు కట్టాం. ఇద్దరికీ 'మీ ఆర్డర్ ఖరారైంది, ధన్యవాదాలు' అని వచ్చింది. దుకాణం పుస్తకంలో ఆ దర్రీ నిల్వ మైనస్ ఒకటి. గోడకు వేలాడుతున్న దర్రీ మాత్రం ఒక్కటే.

దీనికి మా కుర్రాడు చేసిన మార్పు ఏంటంటే, ఒకరు డబ్బు కట్టే పేజీలోకి వెళ్లగానే ఆ దర్రీ పదిహేను నిమిషాలు వాళ్ల పేరు మీద ఆగుతుంది. ఆ లోపు వేరేవాళ్లకు 'ప్రస్తుతం ఒకరు కొంటున్నారు' అని కనిపిస్తుంది. కట్టకపోతే మళ్లీ అమ్మకానికి వస్తుంది. వినడానికి తేలికగానే ఉంది. పరీక్షించేసరికి మొదట్లో ఆ దర్రీ మళ్లీ అమ్మకానికి రాలేదు. మధ్యలో వదిలేసి వెళ్లిపోయినవాడి పేరు మీదే ఉండిపోయింది, సైటులో 'అమ్ముడుపోయింది' అని చూపిస్తూ. ఎవరూ పరీక్షించకపోతే నెల తిరిగేసరికి సగం సరుకు ఇలాగే చిక్కుకుపోయేది, ఆన్‌లైన్‌లో అమ్మకాలు లేవని మేం అనుకునేవాళ్లం. అది సరిచేశాక ఇంకో ప్రశ్న వచ్చింది. పదిహేను నిమిషాలు దాటాక, దర్రీ ఇంకొకరికి అమ్ముడుపోయాక, మొదటివాళ్ల బ్యాంకు నుంచి ఆలస్యంగా 'డబ్బు వచ్చింది' అని కబురొస్తే? యూపీఐలో ఇది నిజంగా జరుగుతుంది, మొదట పెండింగ్ అని చూపించి తర్వాత విజయవంతం అవుతుంది. అప్పుడు డబ్బు దానంతట అదే వెనక్కి వెళ్లాలి, కొనేవాళ్లకు తెలుగులో మెసేజ్ పోవాలి. మనిషి చూసి పంపేదాకా ఆగకూడదు. ఈ ఒక్క దానికే మా తేదీ వెనక్కి జరిగింది. జరగనీ అన్నారు నాన్న. నేసేటప్పుడు పోగు తెగితే అక్కడే ఆగి ముడి వేస్తాం కానీ, తెగిన పోగుతో ముందుకు నేయం కదా అని ఆయన మాట.

పైసల లెక్క నా సొంత రంగం కాబట్టి దాన్ని కూడా వదల్లేదు. దర్రీ ధర రూ.1,249, పన్ను 5 శాతం అనుకుందాం. బెంగళూరుకు పంపితే ఐజీఎస్టీ (వేరే రాష్ట్రానికి అమ్మినప్పుడు పడే జీఎస్టీ) రూ.62.45. అదే తెలంగాణలో ఎవరికైనా పంపితే పన్ను సగం కేంద్రానికి, సగం రాష్ట్రానికి, అంటే ఒక్కోటి రూ.31.225. విడివిడిగా దగ్గరి పైసాకు సవరిస్తే 31.23, 31.23. కలిపితే రూ.62.46. ఒక్క పైసా తేడా. కొనేవాళ్లకు చూపిన మొత్తం ఒకటి, బిల్లు మీద ఇంకొకటి. డబ్బు సరిగ్గా వచ్చిందా అని సరిపోల్చే చోట మా సైటు ఆ పైసా తేడా చూసి ఆర్డర్‌ను ఆపేసింది. బెంగళూరు అడ్రసుతో పెట్టిన ఆర్డర్లు సాఫీగా వెళ్లాయి, కరీంనగర్ అడ్రసుతో పెట్టినవి మాత్రం ఆగిపోయాయి. రెండు రకాల అడ్రసులతోనూ చూసి ఉండకపోతే మన రాష్ట్రంలో కొనేవాళ్లే ఇబ్బంది పడేవాళ్లు. ఇంకో మాట, చాలా గేట్‌వేలకు మొత్తాన్ని రూపాయల్లో కాదు, పైసల్లో పంపాలి. రూ.1,311.45 అంటే 131145 అని. రూపాయల్లో 1311 అని పంపితే కొనేవాళ్లు కట్టేది రూ.13.11 మాత్రమే.

అడ్రసు పెట్టెల సంగతి డబ్బుతో సంబంధం లేనట్టు కనిపిస్తుంది కానీ, డబ్బు కట్టే ముందు మెట్టు అదే, చాలామంది అక్కడే విసిగి వెళ్లిపోతారు. మన ఇంటి నంబర్లలో గీతలు, ఏటవాలు గీతలు ఉంటాయి. కొన్ని సైట్లు వాటిని ఒప్పుకోవు. 2021 ఆగస్టులో వరంగల్ అర్బన్ జిల్లా హనుమకొండ జిల్లా అయింది, రూరల్ జిల్లా వరంగల్ జిల్లా అయింది. కానీ రెడీమేడ్‌గా దొరికే జిల్లాల జాబితాల్లో పాత పేర్లే ఉన్నాయి. 506001 పిన్‌కోడ్ కొట్టిన హనుమకొండ మనిషి తన జిల్లా పేరు జాబితాలో కనిపించక ఏది ఎంచుకోవాలో తెలియక ఆగిపోతాడు. పేరు తెలుగులో రాస్తే ప్రశ్నార్థకాలుగా మారిపోయే సైట్లు కూడా చూశాను. ఇవన్నీ సరిచేయడానికి పెద్ద ఖర్చేమీ కాదు, ఇక్కడి మనిషి ఒకరు కూర్చుని నింపి చూస్తే చాలు.

చెల్లింపు ఆగిపోయినప్పుడు పేజీ మీద కనిపించిన మాటే మా అత్త విషయంలో అన్నిటికన్నా పెద్ద తప్పు. 'ఫెయిల్డ్' అని ఇంగ్లిషులో, కింద 'మళ్లీ ప్రయత్నించండి' బటన్. భయపడ్డ మనిషి ఏం చేస్తుంది, మళ్లీ నొక్కుతుంది. మా దుకాణంలో ఆ చోట ఇలా పెట్టించాను: "మీ చెల్లింపు సంగతి బ్యాంకు నుంచి ఇంకా తెలియలేదు. మీ ఖాతాలోంచి డబ్బు పోయి ఉంటే దయచేసి మళ్లీ కట్టకండి. ఈ దర్రీ మీ పేరు మీదే ఆగి ఉంది. సంగతి తెలియగానే మీకు మెసేజ్ వస్తుంది." కింద మా ఫోన్ నంబరు, ఆర్డర్ నంబరు. మా అత్తకే చూపించి చదివించాను. అర్థమైంది అన్నది. ఆ తర్వాతే ఖాయం చేశాం.

కొనేవాళ్ల హక్కులు కూడా చాలామందికి తెలియవు, దుకాణం పెట్టేవాళ్లకూ తెలియవు. రిజర్వు బ్యాంకు 2019 సెప్టెంబరు 20న ఇచ్చిన ఆదేశం ప్రకారం, యూపీఐ ద్వారా దుకాణానికి కట్టినప్పుడు ఖాతాలోంచి డబ్బు పోయి దుకాణానికి ఖరారు కబురు అందకపోతే, లావాదేవీ జరిగిన రోజు తర్వాత ఐదు రోజుల్లోపు ఆ డబ్బు దానంతట అదే వెనక్కి రావాలి. దాటితే రోజుకు రూ.100 చొప్పున పరిహారం ఇవ్వాలి, అదీ ఖాతాదారు అడగకుండానే. కార్డుతో ఆన్‌లైన్‌లో కొన్నప్పుడూ ఇదే గడువు. అయితే డబ్బు గేట్‌వే దాకా చేరి, ఆర్డర్ తప్పిపోయింది మాత్రం దుకాణం సైటు లోపల అయితే, బ్యాంకు లెక్కలో ఆ చెల్లింపు పూర్తయినట్టే. మా అత్త విషయంలో జరిగింది అదే. అప్పుడు వెతికి తిరిగి ఇవ్వాల్సిన బాధ్యత దుకాణానిదే. 2020లో వచ్చిన ఈ-కామర్స్ వినియోగదారుల రక్షణ నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. పని జరగకపోతే 1915కు ఫోన్ చేయవచ్చు, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్.

డబ్బు తిరిగి ఇవ్వడాన్నీ తెరవకముందే చేసి చూడాలి. మేం మాకు మేమే కట్టుకుని, మాకు మేమే రీఫండ్ పెట్టుకున్నాం. అప్పుడు బయటపడింది, రీఫండ్‌కు గేట్‌వే అడిగే ఓటీపీ సైటు తయారుచేసిన కుర్రాడి ఫోన్‌కు వెళ్తోందని. ఖాతా తెరిచినప్పుడు సౌకర్యం కోసం అతని నంబరు ఇచ్చారు. అతను రేపు హైదరాబాద్‌లో ఉద్యోగం వచ్చి వెళ్లిపోతే? డబ్బు మాది, తాళంచెవి ఇంకొకరి దగ్గర. నంబరు, ఈమెయిల్ రెండూ మా సంఘం పేరు మీదికి మార్పించాం. చిన్న సంఘాలన్నీ ఈరోజే ఈ ఒక్కటైనా చూసుకోవాలని నా మనవి. అలాగే ఫోన్‌లో స్క్రీన్‌షాట్ చూసి సరుకు పంపడం మానుకోవాలి. గేట్‌వే ఖాతాలో కనిపించిందా, లేదా, అదొక్కటే లెక్క.

బ్యాంకులో డబ్బు పడ్డాక కూడా ఒకసారి కూడి చూసుకోవాలి. కార్డు మీద గేట్‌వే రుసుము 2 శాతం, దానిపై 18 శాతం జీఎస్టీ అనుకుంటే, రూ.1,000కి రూ.23.60 పోయి రూ.976.40 చేతికొస్తుంది. అది తెలియక సంఘంలో డబ్బు తగ్గిందని ఒకరినొకరు అనుమానించుకునే పరిస్థితి రాకూడదు. ఏ ఆర్డర్‌కు ఏ జమ అన్నది మొదటి పరీక్షల్లోనే సరిపోల్చుకుంటే పుస్తకం తేటగా ఉంటుంది.

ఇదంతా మాలాంటి చిన్న సంఘాలకు తలకు మించిన పని అనేవాళ్లు ఉన్నారు. నేను ఒప్పుకోను. ఇందులో కంప్యూటర్ చదువు కావాల్సింది కొంతే. మిగతాదంతా కొనేవాళ్ల స్థానంలో కూర్చుని ఓపికగా కట్టి చూడటం. కావాల్సింది సమయం, కాస్త సొంత డబ్బు, దాన్ని వెనక్కి తీసుకోవడం. చాలాచోట్ల అడ్డొస్తున్నది ముహూర్తం. అధికారి తేదీ ఇచ్చారు, దసరాకు ముందే తెరవాలి, బతుకమ్మ పండగ అమ్మకాలు పోతాయి అన్న తొందర. పండగ రోజుల్లోనే అందరూ ఒక్కసారిగా వస్తారు, బ్యాంకుల మీద కూడా అప్పుడే ఒత్తిడి ఉంటుంది. పరీక్షించని పేజీని సరిగ్గా ఆ రోజే తెరిస్తే మొదటిసారి వచ్చినవాళ్లే చేదు అనుభవంతో వెళ్తారు.

అందుకే కొన్ని మాటలు. చేనేత, గ్రామీణాభివృద్ధి శాఖల అధికారులు సంఘాల సైట్లకు డబ్బు మంజూరు చేసేటప్పుడు చివరి వాయిదాను చెల్లింపు పరీక్షలకు ముడిపెట్టాలి. సంఘం మనిషి ఎదురుగా, పాత ఫోన్‌లో, మధ్యలో ఆపేసి చూపించి, రీఫండ్ చేసి చూపించాకే ఆ వాయిదా ఇవ్వాలి. ఒప్పంద కాగితంలో నాలుగు వాక్యాలు అదనంగా రాస్తే సరిపోతుంది. సైట్లు తయారుచేసే మన ఊరి పిల్లలకు చెప్పేది, విఫలమైన చెల్లింపులను మీరే ముందుగా చూపించండి, దాంతో మీ పేరేం తగ్గదు. మడికొండ ఐటీ కంపెనీల్లో సాఫ్ట్‌వేర్ పని తెలిసినవాళ్లు ఉన్నారు. ఎన్ఐటీలో, కాకతీయ విశ్వవిద్యాలయంలో కంప్యూటర్ చదివే పిల్లలు ఉన్నారు. ఏదో ఒక సెలవు రోజు దగ్గర్లోని సంఘానికి వచ్చి ఆ దుకాణంలో రకరకాలుగా డబ్బు కట్టి చూసిపెడితే అంతకన్నా పెద్ద సాయం లేదు. మేం చేసిన పరీక్షలన్నీ ఒక నోటుబుక్కులో తెలుగులో రాసి పెట్టాను. పచ్చళ్ల సంఘాలు, మిర్చి రైతులు, పెంబర్తి ఇత్తడి పనివాళ్లు, ఎవరు కావాలన్నా కొత్తవాడకు వస్తే జిరాక్స్ తీసి ఇస్తాను.

మీ పత్రికను కోరేది ఒకటే. రిజర్వు బ్యాంకు చెప్పిన ఐదు రోజుల గడువు, రోజుకు రూ.100 పరిహారం, 1915 నంబరు, ఈ మూడింటినీ మీ జిల్లా పేజీలో చిన్న పెట్టె కట్టి, వీలైతే దసరా అమ్మకాలు మొదలయ్యేలోపే ప్రచురించండి.

ఇట్లు
ఒక పాఠకురాలు
కొత్తవాడ, వరంగల్